తెడ్ల చక్రం పలకకి పసుపు

నాకు నోరూ ఊరుకోదు, చెయ్యీ ఊరుకోదు. ఉద్యోగం మానేసి నెల తిరక్కుండానే మా ఆయన నన్ను భరించలేక, "బే పక్కన ఏదో పాత ఓడల మ్యూజియం ఉందిట. వాలంటీర్లు కావాలిట. వెళ్ళి వాళ్ళ ప్రాణం తియ్యి కొన్నాళ్ళు" అన్నారు. ఆయన డాక్టరు. నలభై ఏళ్ళ కాపురంలో ఆయన రాసిచ్చిన మందుల్లో నాకు పూర్తిగా పనిచేసింది అదొక్కటే.

మ్యూజియం అనగానే పెద్దగా ఊహించుకోకండి. విక్టోరియా రాష్ట్రంలో మేముండే వెర్రిబీ నుంచి కారులో ఇరవై నిమిషాలు. సముద్రం ఒడ్డున ఒకప్పటి ఉన్ని గోదాం, పైన రేకుల కప్పు. గాలి వీస్తే ఆ రేకులు లోపలున్న మనుషులకంటే ఎక్కువ మాట్లాడతాయి. లంగర్లు, తాళ్ళు, ఇత్తడి దీపాలు, అద్దాల పెట్టెల్లో ఓడల బొమ్మలు. మొత్తానికి జీతం తీసుకునేది ఒక్క క్యురేటర్ అమ్మాయి. ముప్ఫై ఐదేళ్ళుంటాయి, మనిషి సన్నగా ఉంటుంది, మాట ఇంకా సన్నగా ఉంటుంది. మిగిలినవాళ్ళమంతా నాలాగే ఇంట్లోవాళ్ళు బయటికి పంపించిన బాపతు.

మొదటి బుధవారమే నా కళ్ళు ఒక బొమ్మ మీద పడ్డాయి. మూడడుగుల చెక్క ఓడ. మూడు తెరచాప కొయ్యలు, నడుమ పొడుగాటి పొగగొట్టం, అటూ ఇటూ రెండు పెద్ద చక్రాలు. పక్కనున్న పిడి తిప్పితే చక్రాలు తిరగాలి. ఎన్నేళ్ళ నుంచో బిగుసుకుపోయి ఉన్నాయి. "ముట్టుకోవద్దు" అని రాసున్న అట్ట పక్కన పెట్టి, అద్దం తలుపు తీసి, బ్యాగులోంచి కుట్టుమిషన్ నూనె తీసి రెండు చుక్కలు వేశాను. మధ్యాహ్నానికి చక్రాలు తిరిగాయి. క్యురేటర్ అమ్మాయి చూసి, "ఇంకెప్పుడూ ఇలా చెయ్యకండి" అంది. కానీ ఆ రోజు నుంచి ఆ ఓడ కథ చెప్పే పని నాకే ఇచ్చింది.

ఆ ఓడ పేరు ఇక్కడ రాయను. రాస్తే చుట్టుపక్కల పాత షెడ్లున్న ప్రతివాళ్ళూ ఒక్కో చెక్కముక్క పట్టుకుని "ఇదీ దానిదే" అంటూ వచ్చేస్తారు, ఆ అమ్మాయి నన్ను బతకనివ్వదు.

కథ మాత్రం చెప్తాను, చెప్పకుండా ఉండలేను కనక. పందొమ్మిదో శతాబ్దం నడిమధ్యన ఇంగ్లండులో కట్టిన యుద్ధనౌక అది. అప్పటికి ఆవిరి యంత్రం కొత్త కోడలు. నౌకాదళంలో పెద్దవాళ్ళకి దాని మీద నమ్మకం లేదు. అలాగని వద్దనడానికీ లేదు. అందుకే తెరచాపలూ ఉంచారు, బాయిలర్లూ పెట్టారు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే బొగ్గు. గాలి బాగుందంటే చక్రాలు నీళ్ళలో ఈడుస్తూ అడ్డం పడేవి. అప్పుడు చక్రానికి తెడ్లలా బిగించిన చెక్క పలకల్లో కొన్ని విప్పేసేవారు. గాలి పడిపోతే మళ్ళీ బిగించేవారు. నడిసముద్రంలో, ఊగుతున్న ఓడ పక్కన వేలాడుతూ, ఇంటెత్తు చక్రానికి పలకలు విప్పి బిగించిన మనుషుల్ని తలుచుకుని, బొమ్మ పిడి నేను కాస్త నెమ్మదిగానే తిప్పుతాను.

యుద్ధానికి ఆ చక్రాలు ఎంత పనికిరానివో ఆవిడే చెప్పాలి. నేను ఆ ఓడని ఆవిడ అనే అంటాను. ఓడకి రెండు పక్కలా నడిమధ్య జాగాలో ఫిరంగులు బారుగా ఉండాలి. ఆ జాగా అంతా చక్రాల పెట్టెలే తినేశాయి. ఫిరంగులు ముందొకటి, వెనకొకటి, ఏదో పెట్టాలి కాబట్టి పెట్టినట్టు ఉండేవి. శత్రువుకి గురి చూసే శ్రమ కూడా లేదు, అంత పెద్ద చక్రం బయటికి కనపడుతూ ఉంటే. ఒక్క గుండు తగిలితే కుంటిదయిపోతుంది. పెద్ద అలొచ్చి ఓడ పక్కకి ఒరిగితే ఒక చక్రం నీళ్ళలో మునిగిపోయేది, రెండోది గాల్లో తిరిగేది, ఓడ పక్కకి లాగేసేది. కొన్నేళ్ళకే ఓడ వెనక నీళ్ళలోపల తిరిగే మర వచ్చింది, ఈ చక్రాల కాలం చెల్లిపోయింది.

అయినా ఆవిడ చాకిరీ తక్కువ కాదు. గాలి లేక కదలని పెద్ద పెద్ద తెరచాప ఓడల్ని తాడు కట్టి లాక్కొచ్చింది. ఇక్కడి తీరమంతా తిరుగుతూ లోతులు కొలిపించింది. పక్క దేశంలో అక్కడి జనం భూముల కోసం జరిగిన యుద్ధాలకి సిపాయిల్ని మోసింది కూడా. ఆ మాట చెప్పేటప్పుడు నేను గొంతు తగ్గించను. ఫిరంగులున్న ఓడ ఎవరో ఒకరి మీద గురిపెట్టడానికే పుడుతుంది. వినేవాళ్ళు కొందరు మొహం తిప్పుకుంటారు. తిప్పుకోనీ.

చివరికి ముసలిదైపోయాక యంత్రాలు ఊడబీకి అమ్మేశారు. కొన్నవాళ్ళు ఆ ఖాళీ పొట్టని మా బేలో కట్టేసి బొగ్గు నిలవ చేసుకున్నారు. జీవితమంతా బొగ్గు తిన్నది చివరికి బొగ్గుకొట్టు అయింది. తర్వాత బురదలోకి లాగి ముక్కలు చేశారు.

ఆ బురద నుంచే అసలు కథ మొదలవుతుంది.

మా వాలంటీర్లలో ఒక పెద్దాయన ఉన్నారు. ఎనభై దాటాయి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసిన మనిషి. మొదటిరోజే నన్ను "లవ్" అని పిలిచారు. మా ఆయనే ఏనాడూ పిలవలేదు, ఈయనెవరు పిలవడానికి అని నాకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, ఈయన పోస్టుమన్‌నీ అలాగే పిలుస్తారని. బాయిలర్ల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టాక మేమిద్దరం స్నేహితులమయ్యాం. సముద్రపు నీళ్ళు మరిగించే ఆ కాలపు బాయిలర్లలో ఉప్పు ఎలా పేరుకునేదో, గంటగంటకీ ఆ ఉప్పునీళ్ళు ఎలా బయటికి తోసేవారో ఆయనకీ నాకూ తప్ప అక్కడ ఇంకెవరికీ పట్టదు. ఇంట్లో కెటిల్ అడుగున తెల్లగా కట్టే పెచ్చు చూపించి చెప్తే పిల్లలకి మాత్రం వెంటనే అర్థమవుతుంది.

పదేళ్ళ కింద ఆయన మ్యూజియానికి ఒక పలక తెచ్చిచ్చారు. ఏడడుగుల పొడుగు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం. చివర్లలో బోల్టు కన్నాలు. ఆయన తాత తన చిన్నతనంలో దాన్ని బే బురదలోంచి లాక్కొచ్చాట్ట. అది ఆ యుద్ధనౌక చక్రానిదేనని, దాని మీద సర్కారువారి గుర్తు తన కళ్ళారా చూశానని తాత చచ్చేదాకా చెప్పేవాట్ట. వరండాలో రెండు ఇటుక దిమ్మల మీద వేసి బెంచీ చేసుకున్నారు. తాత, తండ్రి, ఈయన ముగ్గురూ ఏడాదికోసారి దానికి ఆకుపచ్చ రంగు వేస్తూ వచ్చారు. ఊళ్ళోవాళ్ళు "మీ యుద్ధనౌక మీద కాసేపు కూర్చోవచ్చా" అని వెక్కిరించేవారుట.

మ్యూజియానికి ఇచ్చేముందు బాగుంటుందని ఈయన రంగంతా గీకి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది మరీ తెచ్చారు. గుర్తు కోసమూ వెతికారు. కనపడలేదు. క్యురేటర్ అమ్మాయి వెతికింది, లైటు పక్కనుంచి వేసి చూసింది. ఆమెకీ కనపడలేదు. ఈ బేలో ఒకప్పుడు చక్రాల ఫెర్రీలు బోలెడు తిరిగేవి. గొర్రెల్ని దాటించిన ఫెర్రీ పలక కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. అందుకని పదేళ్ళుగా అది వెనక గదిలో గుడ్డ కప్పుకుని ఉంది.

పోయిన ఏడు గోదాం రిపేర్లొచ్చాయి. చోటు చాలదు, ఆధారం లేని వస్తువులన్నీ ఇచ్చినవాళ్ళకి తిరిగి ఇచ్చేయాలని కమిటీ అంది. పలక సంగతి శుక్రవారం మీటింగులో తేలుతుంది. పెద్దాయన అప్పటికే ఇల్లు అమ్మేశారు. వచ్చే వారమే వృద్ధుల్ని చూసుకునే ఏజ్డ్ కేర్‌కి మారుతున్నారు. అక్కడ ఇచ్చేది మంచమూ, ఒక కుర్చీ పట్టే గది. పిల్లలు లేరు. మ్యూజియం వద్దంటే ఏడడుగుల పలక ఎక్కడికెళ్తుందో ఎవరూ పైకి అనలేదు. మున్సిపాలిటీ చెత్త డంపు వెనక వీధిలోనే ఉంది.

ఆ వారం బుధవారం దసరా పడింది.

మా నాన్నగారు రామచంద్రపురం దగ్గర ఒక రైసుమిల్లులో బాయిలర్ చూసేవారు. ఊకమంట మీద నడిచే బాయిలరు. దసరా నాడు మిల్లు ఆపి, యంత్రం పెద్దచక్రాన్ని తలంటి పోసినట్టు కడిగి, పసుపు రాసి, కుంకుమబొట్లు పెట్టి, కింద నిమ్మకాయ పెట్టేవారు. "ఏడాదంతా మనకి అన్నం పెట్టిందమ్మా. ఒక్కరోజు మనం దానికి బొట్టు పెడితే అరిగిపోతామా?" అనేవారు. ఆ బొట్లు పెట్టే పని నాది. నేను ఇంజనీరునయింది ఆ చక్రం వల్లే. ముప్ఫై ఏళ్ళు నీటి శుద్ధి కేంద్రంలో పనిచేసినన్నాళ్ళూ దసరాకి ఏదో ఒక పంపుకి, ఎవరూ చూడకుండా, మూలగా ఒక బొట్టు పెట్టే వచ్చాను. ఎవరూ ఏమీ అనలేదు. ఒకసారి సూపర్‌వైజరు చూసి ఏదో ఇన్‌స్పెక్షన్ గుర్తు అనుకున్నాడు.

ఆ బుధవారం పొద్దున్నే నేనే తాళం తీశాను. చేతిలో పసుపు, కుంకుమ, నిమ్మకాయలు, కొబ్బరికాయ. మొదట బొమ్మ ఓడకి అద్దం బయటినుంచి దండం పెట్టుకుని ఊరుకుందామనుకున్నాను. కానీ వెనక గదిలో శుక్రవారం కోసం పలకని బయటికి తీసి రెండు బల్లల మీద ఉంచారు. చూస్తే నాకు మనసు ఆగలేదు. సముద్రాన్ని కొట్టుకుంటూ భూమికి ఆ చివరినుంచి ఈ చివరికి వచ్చినది. పోయేముందు ఒక్క బొట్టుకైనా నోచుకోకుండా పోవాలా?

బొట్టుతో ఆగి ఉంటే ఈ కథ లేదు. ఆ పొడుగూ ఆ మందమూ చూస్తే నాకది అచ్చం గడపలా కనిపించింది. గడపని చూస్తే మన చేతులు ఏం చేస్తాయో మీకు చెప్పక్కర్లేదు. పసుపులో నీళ్ళూ రెండు చుక్కల నువ్వులనూనె వేసి ముద్ద కలిపి, ఈ చివరినుంచి ఆ చివరికి నిండుగా పూసేశాను. వరసగా కుంకుమబొట్లు పెట్టాను. అటొకటి ఇటొకటి నిమ్మకాయ. బయటికెళ్ళి మెట్టు మీద కొబ్బరికాయ కొట్టి, నీళ్ళు నాలుగు చుక్కలు చల్లి, దండం పెట్టుకున్నాను. ఆ క్షణాన నా అంత తృప్తిగా ఉన్న మనిషి విక్టోరియా రాష్ట్రంలో లేదు.

పెద్దాయన వచ్చారు. గుమ్మంలో ఆగి చాలాసేపు చూశారు. నేను మా నాన్నగారి సంగతి చెప్పాను. టోపీ తీసి చేతిలో పట్టుకున్నారు. "మా తాత తర్వాత దీన్ని మర్యాదగా చూసింది నువ్వే, లవ్" అన్నారు. కొబ్బరిముక్క పెడితే తిన్నారు.

తర్వాత క్యురేటర్ అమ్మాయి వచ్చింది.

ఆ పిల్ల అరవలేదు. అరిచినా బాగుండేది. మొహం తెల్లగా పాలిపోయి, "ఎవరు చేశారు?" అంది.

"నేనే" అన్నాను.

"ఇది ఆబ్జెక్ట్. ఫర్నిచర్ కాదు."

నా నోరు ఊరుకుంటుందా? "మీరు గ్లవ్స్ వేసుకుని ముట్టుకుంటారు. మేం బొట్టు పెట్టి ముట్టుకుంటాం. రెండూ మర్యాదే కదా, తేడా ఏముంది?" అన్నాను.

"గ్లవ్స్ మరక పెట్టవు" అంది.

అప్పుడే ఆమె ఇంకో మాట కూడా చెప్పింది. శుక్రవారం కమిటీలో ఈ పలకని ఉంచమని తనే వాదించబోతోందిట. ఆధారం లేకపోయినా, పాత చెక్క, బోల్టు కన్నాలు ఉన్నదున్నట్టు ఉన్నాయి కదా అని చెప్పాలనుకుందిట. "ఇప్పుడు నేను వాళ్ళకి ఏం చూపించను?" అంది. పెద్దాయన మధ్యలో "నాకు బానే ఉంది" అన్నారు. ఆ మాటతో నాకు ఇంకా ఏడుపొచ్చింది.

ఇంటికెళ్ళేసరికి మా ఆయన వరండాలో టీ తాగుతున్నారు.

"ఏంటి, ఆర్వో అంతా అక్కడే ఉంటాను, సాయంత్రానికి గానీ రానన్నావ్? అప్పుడే వచ్చేసేవేంటి?"

జరిగింది చెప్పాను. ఆయన కప్పు కింద పెట్టి, "అయితే మ్యూజియంలో పేరంటం పెట్టేసేవన్నమాట. ఓడక్కూడా తాంబూలం ఇచ్చేవా?" అన్నారు.

"మీకు నవ్వులాటగా ఉందా? నా చేతులారా ఆ పెద్దాయన పలక పాడుచేసేనండీ. అది చెత్తలోకి పోతే ఆ పాపం నాదే."

ఆయన నవ్వడం మానేశారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మా అమ్మ ఊరికే అనేది కాదు" అని, కప్పు మళ్ళీ అందుకుని, "తొక్కేవు కదా. ఇంక కడుగు. రేపు పొద్దున్నే వెళ్ళు. ఐ విల్ డ్రాప్ యూ" అన్నారు.

డార్విన్ ఊళ్ళో ఆసుపత్రిలో పనిచేస్తున్న మా అమ్మాయికి ఫోన్లో చెప్తే, "అమ్మా, మ్యూజియం పీస్‌కి పసుపా? యూ కాంట్ జస్ట్ డూ దట్!" అంది. తర్వాత నెమ్మదిగా, "పసుపు సన్‌లో పెడితే ఫేడ్ అవుతుందని నువ్వే చెప్తావు కదా, ట్రై దట్" అంది. అవును, పట్టుచీర మీద పసుపు మరక పడితే ఎండలో ఆరేస్తాం. ఆశ పుట్టింది.

మర్నాడు ఆ మాటే క్యురేటర్ అమ్మాయికి చెప్తే, నూట డెబ్బై ఏళ్ళ చెక్కని ఎండలో పెడితే నెర్రెలు విచ్చుతుందని కొట్టిపారేసింది. నాకు గ్లవ్స్, ఒక డబ్బా దూది పుల్లలు, చిన్న సీసాలో స్పిరిట్ ఇచ్చింది. దూది తడిపి అద్దాలి, రుద్దకూడదు, పచ్చబడ్డ పుల్ల వెంటనే మార్చాలి. తను పక్క బల్ల దగ్గర లాప్‌టాప్ ముందు కూర్చుంది. నన్ను ఒంటరిగా వదిలే ధైర్యం ఆమెకి లేదు, తప్పు పట్టను.

జీవితంలో నేను అంతసేపు నోరుమూసుకుని పనిచెయ్యడం అదే. రెండు గంటలయ్యేసరికి చెత్తబుట్ట నిండా పచ్చటి దూది. పైన పసుపు చాలావరకు వచ్చేసింది. మధ్యలో లేతగా ఒక నీడలా మిగిలింది. ఎడమ చివరికి వచ్చేసరికి మాత్రం అద్దినకొద్దీ సన్నటి గీతలు రెండుమూడు పోకుండా అలాగే నిలబడ్డాయి. చెక్క పగుళ్ళేమో అనుకున్నాను. కానీ పగుళ్ళు ఇష్టం వచ్చినట్టు పోతాయి. ఇవి మూడూ కింద ఒక్క చోట కలిశాయి. నేను నిలబడ్డ వైపునుంచి చూస్తే మధ్యలో ఒక నిలువు గీత, అటూ ఇటూ వాలుగా రెండు. తిరుమల వెళ్ళొచ్చిన వాళ్ళ నుదుటి మీద నామంలాగే. నా పూజలో నేను నామం పెట్టలేదే అనుకున్నాను.

"ఒక్కసారి ఇటు రా అమ్మా. తిట్టకుండా చూడు" అన్నాను.

ఆమె వచ్చి నాకు ఎదురుగా, బల్లకి అవతల నిలబడింది. కిందికి చూసింది. తన వైపునుంచి చూస్తే ఆ గీతలు తలకిందులు కదా. మూడూ పైన మొనలో కలిసిన బాణం. పరిగెత్తుకెళ్ళి ఒక చిన్న టార్చీ తెచ్చింది, నీలంగా వెలిగే అల్ట్రావయొలెట్ లైటు, దానికి పసుపు మెరుస్తుంది. గదిలో లైట్లార్పి ఆ వెలుగు పలక మీద వేసింది. పసుపు నిలిచిన ప్రతి గీతా పచ్చగా భగ్గుమంది. బాణం గుర్తు స్పష్టంగా ఉంది. దాని పక్కన వడ్రంగి ఉలితో చెక్కిన అంకె, ఒక ఇంటూ, ఒక నిలువు గీత. రోమన్ అంకెల్లో పదకొండు, చక్రంలో ఆ పలక వరస.

ఆమె లైట్లు వేసింది. ఆ కాలంలో బ్రిటిష్ సర్కారు సొత్తు మీద వేసే గుర్తు ఆ బాణమేనని చెప్పింది. ఫెర్రీలకి ఉండదు. ఈ బేలో విడగొట్టిన సర్కారు చక్రాల ఓడ ఒక్కటే. పెద్దాయన గరుకు కాగితంతో రుద్దినప్పుడు అరిగిన గీతల్లోకి చెక్కపొడి దిగి, చెక్క రంగులోనే కలిసిపోయింది. నా పసుపునీళ్ళు ఆ పొడిని నానబెట్టాయి, దూది దాన్ని లాగేసింది, పసుపు మాత్రం గీతల్లో ఉండిపోయింది. ఇదంతా ఆమె నాకు వివరించి, చివర, "మీరు చేసింది తప్పే. ఇప్పటికీ తప్పే" అంది.

"తప్పే" అన్నాను. నా జన్మలో అంత సంతోషంగా తప్పు ఒప్పుకున్నది లేదు.

మధ్యాహ్నం పెద్దాయన వచ్చారు. ఎలా చెప్పాలో మా ఇద్దరికీ తెలియలేదు. ఆమె మళ్ళీ లైట్లార్పి టార్చీ వేసింది, అంతే. ఆయన వంగి చూశారు. వేలు పెట్టబోయి, అలవాటు కొద్దీ ఆమె వైపు చూశారు. ఆమె తలూపింది. వేలితో బాణం మూడు గీతలూ నెమ్మదిగా తడిమి, జేబురుమాలు తీసుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నారు. కళ్ళద్దాలకి ఏమీ కాలేదు.

శుక్రవారం కమిటీ మీటింగు పది నిమిషాల్లో అయిపోయింది. పలక ఇక మ్యూజియానిదే, ముందు హాల్లో బొమ్మ ఓడ పక్కన ఉంటుంది. గీతల్లో పసుపుని కూడా అలాగే ఉంచేయాలని క్యురేటర్ అమ్మాయే అంది. హాల్లోకి ఎండ రాదు, కాబట్టి అది పోదు. పక్కన పెట్టే అట్ట మీద తాత మాటని, దాన్ని బయటపెట్టింది ఒక వాలంటీర్ రాసిన పసుపు అన్న సంగతిని రాయించింది. నా తప్పుకి అచ్చులో దొరికిన మొదటి గౌరవం అదే.

అద్దం పెట్టెలోకి ఎత్తకముందు ఆఖరి సాయంత్రం పెద్దాయన అడిగారు, "ఒక్కసారి కూర్చోనా?" అని.

పదేళ్ళుగా "ముట్టుకోవద్దు" తప్ప ఇంకో మాట తెలియని ఆ అమ్మాయి లోపలికెళ్ళి, తెల్లటి మెత్తటి గుడ్డ తెచ్చి పలక మీద పరిచింది. మా ఆయన నన్ను తీసుకెళ్ళడానికి వచ్చి ఉన్నారు. అందరం కలిసి దాన్ని తక్కువ ఎత్తు దిమ్మల మీదికి దింపాం. పెద్దాయన అటు చివరా మధ్యా వదిలేసి, ఎడమ చివరికి వెళ్ళి కూర్చున్నారు.

"తాత అక్కడ, నాన్న మధ్యలో, నేనిక్కడ. ఎప్పుడూ అంతే" అన్నారు.

ఆయన కూర్చున్నది సరిగ్గా ఆ బాణం మీద. మాకూ ఆయనకీ ఒకేసారి తట్టింది. ఆయన చెయ్యి గుడ్డ మీద పెట్టి అలాగే ఉంచారు.

"ఊళ్ళోవాళ్ళు నవ్వినప్పుడు వాళ్ళతో కొట్లాడేవాణ్ణి. కానీ నాకూ నమ్మకం ఉండేది కాదు. ఈ పలక రంగు గీకినరోజు, గుర్తు కనపడకపోయేసరికి, ముసలాడు అబద్ధం చెప్పాడనుకున్నాను. పదేళ్ళ నుంచీ అదే అనుకుంటున్నాను. ఎవరికీ చెప్పలేదు."

పైన రేకులు గాలికి కొట్టుకుంటున్నాయి. ఆయన తన పక్కన, మధ్యలో, వాళ్ళ నాన్న చోటు తట్టి, "రా, లవ్" అన్నారు. వెళ్ళి కూర్చున్నాను. తాత చోట మాత్రం ఎవరం కూర్చోలేదు.